మరుగుపడిన తోట

ఉద్దేశం: ఒక ప్రదేశాన్ని చూసినప్పుడు కంటికి కనిపించే అందంతోపాటు, దాని వెనుక ఉన్న మనుషుల శ్రమను కూడా గమనించి చెప్పే సందర్శన వ్యాసాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం.

మనకు తెలిసిన పెద్ద తోటలు రెండు విధాలుగా ఉంటాయి. బెంగుళూరులోని లాల్‌బాగ్, కూనూరులోని సిమ్స్ పార్కు వంటివి ప్రభుత్వ ఉద్యానశాఖల ఆధీనంలో ఉన్నాయి. గేటు దగ్గర టికెట్టు కొని ఎవరైనా లోపలికి వెళ్ళవచ్చు. రెండో రకం సొంత తోటలు. వాటికి కంచె ఉంటుంది, గేటుకు తాళం ఉంటుంది, కాపలా ఉంటుంది. గోడ మీదుగా కనిపించే మామిడికొమ్మను చూసి నోరూరించుకోవడమే తప్ప, లోపల అడుగుపెట్టే అవకాశం దాదాపు ఉండదు. నిజానికి లాల్‌బాగ్ కూడా 1760లో హైదర్ అలీ తనకోసం వేయించుకున్న తోటే. రాజ్యాలు మారి, దొరల చేతుల్లో పడి, చివరికి అది ప్రజలదయింది.

ఇంగ్లండులో మూడో రకం తోటలు కూడా ఉన్నాయి. ఆస్తి ఒక కుటుంబానిదే. కాని తలుపులు అందరికీ తెరచి ఉంటాయి. 1927లో అక్కడ ఒక కొత్త పద్ధతి మొదలయింది. ఇంటింటికీ తిరిగి రోగులకు సేవచేసే నర్సుల సహాయార్థం, తోటలున్న పెద్దలు తమ తోటలను కొన్ని రోజులపాటు ప్రజలకు చూపించాలని అనుకున్నారు. తలకు ఒక షిల్లింగు రుసుము పెట్టారు. ఆ ఒక్క ఏడాదిలోనే 609 తోటలు తలుపులు తెరిచాయి. 8 వేల పౌండ్లకు పైగా పోగయింది. ఆ పద్ధతి నేటికీ సాగుతూనే ఉంది. అందులో చేరకుండా, ఏడాది పొడవునా టికెట్టు పెట్టి నడిచే సొంత తోటలు కూడా ఆ దేశంలో చాలా ఉన్నాయి. అటువంటి పల్లెటూరి తోట ఒకదాన్ని ఈ పాఠంలో చూద్దాం. దాని పేరు హెలిగన్.

మీ అట్లాసులో ఇంగ్లండు పటం తీయండి. నైరుతి మూలన, సముద్రంలోకి చాచిన కాలిలాగా ఒక ప్రాంతం కనిపిస్తుంది. అదే కార్న్‌వాల్. లండన్‌కు దాదాపు 400 కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు తగరం, రాగి గనులకు పేరుపొందిన సీమ. దాని దక్షిణ తీరంలో మెవాగిస్సీ అనే చేపల రేవు ఉంది. ఆ రేవుకు దగ్గరలో, సముద్రంవైపు దిగే కొండవాలుమీద ఉంది హెలిగన్. ఈ పేరుకు మూలం అక్కడి పాతభాష అయిన కార్నిష్‌లో ఉంది. నీటి ఒడ్డున పెరిగే విల్లో అనే చెట్టును ఆ భాషలో ఇంచుమించు అలాగే పిలుస్తారు.

ఇంగ్లండు చలిదేశం అని మనం చదువుకున్నాం. కాని కార్న్‌వాల్ తీరానికి అట్లాంటిక్ సముద్రంలోని వెచ్చని ప్రవాహం కొంత కాపుగా నిలుస్తుంది. అందువల్ల అక్కడ మంచు తక్కువ పడుతుంది. మిగిలిన ఇంగ్లండులో ఆరుబయట చచ్చిపోయే మొక్కలు ఇక్కడ బతుకుతాయి. దేశదేశాల మొక్కలు తెప్పించి పెంచే సరదా ఈ ప్రాంతపు భూస్వాములకు పట్టడానికి అదొక కారణం. డబ్బు రెండో కారణం.

హెలిగన్‌ను 1569లో ట్రెమేన్ అనే కుటుంబం కొన్నది. పద్ధెనిమిదో శతాబ్ది చివరి నుంచి ఆ కుటుంబంలో నాలుగు తరాలవారు వరసగా తోటను పెంచుతూ వచ్చారు. ఒకరు బాటలు వేయించారు, ఒకరు లోయలో కొత్త మొక్కలు నాటించారు, చివరివాడైన జాక్ ట్రెమేన్ ఇటలీ మీద మోజుతో ఇటలీ ఫక్కీలో చిన్న కొలనుతో ఒక తోట కట్టించాడు. నేడు సందర్శకులు తిరిగే ప్రదేశమంతా కలిపి సుమారు 200 ఎకరాలు. అంతా చూడాలంటే ఒక పూట చాలదు.

లోపలికి వెళ్ళినవారు మొదట చూసేది తోటలో ఎత్తుగా ఉన్న ఉత్తరభాగం. అక్కడ విశాలమైన పచ్చికబయలు, దాని చుట్టూ రోడోడెండ్రాన్ చెట్లు. వసంతకాలంలో ఎర్రగా, గులాబి రంగులో గుత్తులు గుత్తులుగా పూస్తాయి. ఈ చెట్లు ఇంగ్లండువి కావు. వీటిలో కొన్ని మన హిమాలయాల బిడ్డలు. జోసెఫ్ హుకర్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు 1848, 1849 సంవత్సరాల్లో సిక్కిం కొండల్లో తిరిగి అనేక రకాల రోడోడెండ్రాన్ల విత్తనాలు సేకరించి లండన్ దగ్గరి క్యూ తోటలకు పంపాడు. అక్కడినుంచి అవి ఇంగ్లండులోని గొప్పవారి తోటలకు చేరాయి. ఇదంతా సాఫీగా జరగలేదు. తమ అనుమతి లేకుండా టిబెట్ సరిహద్దు దాటినందుకు సిక్కిం అధికారులు 1849 నవంబరులో హుకర్‌ను, ఆయనతో ఉన్న డార్జిలింగ్ అధికారిని నిర్బంధించారు. వారు కొన్ని వారాల్లో విడుదలయ్యారు. కాని ఆ నెపం మీద బ్రిటిషువారు సిక్కిం రాజ్యంలో కొంత భాగాన్ని కలుపుకొన్నారు. ఒక పువ్వు ఒక దేశం నుంచి మరొక దేశానికి పోవడం వెనుక ఇంత కథ ఉంటుంది. తమిళనాడులో చదువుకునే పిల్లలు హిమాలయాల దాకా పోనక్కరలేదు. నీలగిరుల్లో, పళని కొండల్లో ఇదే జాతి చెట్టు సహజంగా పెరుగుతుంది. అక్కడివారు దాన్ని కాట్టుప్పూవరసు అంటారు.

పచ్చికబయలు దాటి కొంత నడిస్తే ఎత్తైన గోడలున్న ఆవరణలు వస్తాయి. పాతకాలపు ఇంగ్లీషు తోటల్లో ఈ గోడలు కేవలం దొంగల కోసం కట్టినవి కావు. పగలంతా ఎండకు కాగిన ఇటుక రాత్రి మెల్లగా వేడిని వదులుతుంది. దక్షిణముఖంగా ఉన్న గోడకు ఆనించి పీచ్ వంటి పళ్ళచెట్లను పాకిస్తారు. గాలి దెబ్బ తగలదు, వెచ్చదనం అందుతుంది. కొన్ని తోటల్లో గోడల లోపల పొగగొట్టాలు పెట్టి, వెనుకవైపు పొయ్యి రాజేసి గోడనే వేడిచేసేవారు. హెలిగన్‌లో ఒక గోడకు చిన్న చిన్న గూళ్ళుంటాయి. వాటిని చూసి దీపాల గూళ్ళనుకునేరు! గడ్డితో అల్లిన తేనెటీగల బుట్టలు వానకు తడవకుండా పెట్టడానికి కట్టినవి అవి. తేనె ఒక లాభం, పూతకు పరాగసంపర్కం మరొక లాభం.

కూరమడులు చాలా పెద్దవి. బంగాళాదుంప, కాబేజీ, బఠాణీ, ఉల్లి, బీటు వంటివన్నీ అక్కడ పండుతాయి. నూరేళ్ళనాడు పండించిన పాతరకాల విత్తనాలనే ఎక్కువగా వాడతారు. ఈనాటి సంకర విత్తనాలు ఎక్కువ దిగుబడి ఇస్తాయి కదా, ఈ చాదస్తం ఎందుకు అని మీరు అడగవచ్చు. ఒక రకం పండించడం మానేస్తే కొన్నేళ్ళకు దాని విత్తనమే ఉండదు. మన వరిలో ఎన్నో నాటురకాలు అలాగే పోయాయి. మీ తాతగారిని అడిగితే నాలుగైదు పేర్లయినా చెబుతారు.

ఇక్కడి నుంచి అసలు వింతకు వద్దాం. ఒక ఆవరణలో నేలమీదికి కొంచెం లేచిన ఇటుకగోడలు, వాటిమీద ఏటవాలుగా గాజుపలకల చట్రాలు కనిపిస్తాయి. అద్దాల్లోంచి తొంగిచూస్తే లోపల అనాస మొక్కలు!

అనాస మనకు వింత కాదు. పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట కొండల్లో గిరిజనులు కొండవాలుమీద పండించి బుట్టలకెత్తి సంతకు తెస్తారు. కాని ఇదీ మన పంట కాదు. దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసువారు పదహారో శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. పండుతోపాటు పేరు కూడా వచ్చింది. అందుకే తెలుగులో అనాస, కన్నడంలో అనానస్, తమిళంలో అన్నాసి, మరాఠీలో అననస్ అంటాం. ఒడియావారు మాత్రం సపురి అని తమ మాట తాము పెట్టుకున్నారు. ఇంగ్లీషువారూ వేరే పేరే పెట్టుకున్నారు.

పద్ధెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో అనాసపండు గొప్ప హోదాకు గుర్తు. విందులో బల్లమధ్య అనాస పెట్టగలిగినవాడే గొప్పవాడు. కొననివారు ఒక రాత్రికి అద్దెకు తెచ్చి బల్లమీద పెట్టుకునేవారట. దాన్ని ఎవరూ కోసేవారు కారు. మర్నాడు ఇంకొకరి విందుకు పోవాలి మరి! అటువంటి రోజుల్లో చలిదేశంలో అనాసను పండించడం ఎలా? బొగ్గు ఖరీదు. కరెంటు అప్పటికి లేనే లేదు. తోటమాలులు కనిపెట్టిన ఉపాయం గుర్రపు లద్దె.

చలికాలంలో తెల్లవారుజామున పల్లెలో పెంటకుప్పను తవ్వితే ఆవిరి లేవడం మీలో చాలామంది చూసే ఉంటారు. చేయి పెడితే కాలుతుంది. పచ్చి పెంట కుళ్ళేటప్పుడు కంటికి కనిపించని సూక్ష్మజీవులు పనిచేస్తాయి. ఆ పనిలో వేడి పుడుతుంది. హెలిగన్ అనాసగుంటలో మూడు కందకాలు పక్కపక్కన ఉన్నాయి. నడిమి కందకంలో మొక్కలుంటాయి. రెండువైపులా ఉన్న కందకాల్లో గడ్డితో కలిసిన పచ్చి లద్దె దట్టించి నింపుతారు. మధ్యనున్న గోడల్లోని ఖాళీల గుండా వేడి మొక్కల అడుగుకు చేరుతుంది. పైన గాజుపలకలు ఆ వేడిని పోనివ్వవు. వాసన గదిలోకి రాదు, వేడి మాత్రమే వస్తుంది.

చెప్పడానికి సులువుగానే ఉంది. లద్దె కొన్ని వారాలకు చల్లబడిపోతుంది. దాన్ని తీసివేసి కొత్తది నింపాలి. మరీ పచ్చిది ఒక్కసారిగా వేస్తే వేడెక్కి వేళ్ళు మాడిపోతాయి. తక్కువ వేస్తే మొక్క చలికి చస్తుంది. రాత్రి మంచు పడేట్టుంటే గాజుమీద చాపలు కప్పాలి. పొద్దున తీయాలి. ఎండ ఎక్కువైతే చట్రం కొద్దిగా ఎత్తి గాలి ఆడనివ్వాలి. ఒక పండు చేతికి రావడానికి రెండేళ్ళకు పైగా పడుతుంది. అన్నాళ్ళూ ఆదివారమనీ పండుగనీ లేకుండా ఎవరో ఒకరు దానికి కాపలా ఉండాలి. దొరగారి బల్లమీద పండు వెనుక ఉన్నది లద్దె మోసిన ఆ మనుషులు. హెలిగన్‌లో చూడదగిన వింత పండు కాదు, ఈ పని అని నా ఉద్దేశం.

వారు ఎవరు? పెద్ద తోటల్లో వారికొక అంతస్తుల వరస ఉండేది. అందరికీ పైన పెద్దమాలి. అతని మాటే శాసనం. అతనికింద అనుభవమున్న పనివారు, వారికింద పిల్లలు. పదమూడు, పద్నాలుగేళ్ళ కుర్రవాడు పనిలో చేరితే మొదట అతని పని పూలకుండీలు కడగడం. చలికాలంలో చన్నీళ్ళతో వందల కుండీలు కడగాలి. తరువాత కలుపు, తరువాత నీళ్ళు, తరువాత అంట్లు కట్టడం. అలా ఏళ్ళ తరబడి చేతులతో నేర్చుకున్న విద్య అది. దానిలో చాలా భాగం ఏ పుస్తకంలోనూ ఉండదు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు హెలిగన్ తోటలో 22 మంది పనిచేసేవారు.

1914 ఆగస్టు 4న బ్రిటను యుద్ధంలో దిగింది. ఆ యుద్ధం మనకు దూరమైనదని అనుకోకండి. అదే ఏడాది సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మను నౌక మద్రాసు రేవుమీద గుండ్లు కురిపించింది. ఆ యుద్ధం ముగిసేసరికి మన దేశపు సైనికులే దాదాపు 74 వేలమంది చనిపోయారు. ఇంగ్లండులో ఊరూరా యువకులు సైన్యంలో చేరారు. హెలిగన్ తోటపనివారూ చేరారు. 1916 నాటికి తోటలో మిగిలినవారు 8 మంది. వెళ్ళినవారిలో చాలామంది తిరిగి రాలేదు.

తోట ఒక్కరోజులో పాడుకాదు. దొరగారి భవనం యుద్ధకాలంలో గాయపడిన సైనికాధికారులకు ఆసుపత్రి అయింది. యుద్ధం ముగిశాక జాక్ ట్రెమేన్ హెలిగన్‌ను అద్దెకిచ్చి ఇటలీలో స్థిరపడ్డాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ఆ ఇంట్లో దిగింది. 1970 తరువాత ఆ భవనాన్ని వాటాలుగా చేసి వేరువేరు కుటుంబాలకు అమ్మారు. తోట మాత్రం అమ్మలేదు, అలాగని ఎవరూ చూడనూ లేదు. ముళ్ళపొదలు మోకాలెత్తయ్యాయి, తరువాత తలెత్తయ్యాయి. గాలికి పడిన విత్తనాలు మొలిచి గాజు ఇళ్ళలోపలే చెట్లయ్యాయి. ఐవీ తీగ గోడలను కమ్మేసింది. బాటలమీద ఆకులు కుళ్ళి మట్టయి, ఆ మట్టిలో మళ్ళీ మొక్కలు లేచాయి. పక్క ఊరివారికి కూడా అక్కడ అనాస పండించేవారన్న సంగతి గుర్తులేకుండా పోయింది.

1990 జనవరి 25న వచ్చిన పెనుగాలికి అక్కడి పెద్దచెట్లు ఎన్నో కూలాయి. అది జరిగిన మూడు వారాలకు, ఫిబ్రవరి 16న, ఆ కుటుంబపు వారసుడొకరు టిమ్ స్మిట్ అనే మిత్రుణ్ణి వెంటబెట్టుకొని కత్తులతో పొదలు నరుక్కుంటూ లోపలికి వెళ్ళారు. టిమ్ స్మిట్ అంతవరకు సంగీత పరిశ్రమలో పనిచేసినవాడు. కాని చదువుకున్నది పురావస్తుశాస్త్రం. పొదల్లో కూలిన గోడను చూసినప్పుడు అతనికి ఆ చదువే పనికివచ్చింది.

గోడల ఆవరణలో ఒక మూల, రాళ్ళు రప్పల వెనుక, పైకప్పు లేని చిన్నగది ఒకటి దొరికింది. అది తోటపనివారి మరుగుదొడ్డి. ఇంగ్లీషు వాడుకలో మరుగుదొడ్డికి ఉరుముల పెట్టె అని వేళాకోళపు పేరొకటి ఉంది. ఆ గది సున్నపు గోడమీద పెన్సిలుతో ఎవరో వ్రాసిన అక్షరాలు మసకగా కనిపించాయి. ఇక్కడికి కునుకు తీయడానికి రావద్దు అనే అర్థంతో పరిహాసంగా ఒక మాట. దానికింద పనివారి సంతకాలు, పేరుపేరునా. చివర తేదీ: ఆగస్టు 1914.

ఎవరి పేరుమీద గొప్పగా శిలాఫలకం వేయరో వారు తమ పేర్లు తామే వ్రాసుకున్న గోడ అది. దానికెక్కిన చోటు చూడండి, పూలమధ్య కాదు, పాలరాతి మీద కాదు. యుద్ధం ఎన్నాళ్ళు సాగుతుందో అప్పుడు వారెవరికీ తెలియదు. ఊరికే సరదాకు వ్రాసి ఉంటారు. 76 ఏళ్ళు వానకు, తీగలకు తట్టుకొని ఆ పెన్సిలు గీతలు మిగలడం ఆశ్చర్యమే.

ఆ గోడను చూసిన తరువాత టిమ్ స్మిట్, అతనితో కలిసిన జాన్ నెల్సన్ అనే భవన నిర్మాత ఒక నిర్ణయానికి వచ్చారు. ఈ తోటను తిరిగి నిలబెట్టాలి, కాని దొరల వైభవం చెప్పడానికి కాదు, ఇక్కడ పనిచేసినవారి కథ చెప్పడానికి. అందుకే హెలిగన్‌లో భవనాల కంటే పనిముట్ల కొట్లు, కుండీల షెడ్లు, పెద్దమాలి ఆఫీసు గది శ్రద్ధగా బాగుచేశారు. ట్రెమేన్ కుటుంబపు ట్రస్టు నుంచి తోటను కౌలుకు తీసుకున్నారు. స్వచ్ఛందంగా వచ్చినవారు పొదలు నరికారు, పడిన చెట్లు లాగేశారు, మట్టి తవ్వి బాటలు వెలికితీశారు. 1992లో తోటను ప్రజలకు తెరిచారు. తవ్వుతుండగానే జనం చూడడానికి రావడం మొదలుపెట్టారు. వారిచ్చిన టికెట్టు డబ్బులు మళ్ళీ తవ్వకానికే పనికివచ్చాయి.

అన్నిటికంటె కష్టమైనది అనాసగుంట. ఇటుకలు పేర్చవచ్చు, గాజు బిగించవచ్చు. లద్దె ఎంత వేయాలి, ఎప్పుడు మార్చాలి అన్నది చెప్పేవారు ఎక్కడా మిగలలేదు. తెలిసినవారు యుద్ధంలో పోయారు. మిగిలినవారు ఆ విద్య ఎవరికీ నేర్పకుండానే ముసలివారై వెళ్ళిపోయారు. ఉద్యానశాస్త్రం చదివిన నిపుణులు పాత పుస్తకాలు తిరగేసి, తప్పులు చేస్తూ దిద్దుకుంటూ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. 1997లో మొదటి పండు పండింది. దాన్ని తోటలో పనిచేసేవారే కోసుకుని తిన్నారు. లద్దె రుచి తగులుతుందేమోనని ముందుగా చూడాలి కదా! రెండోది ఆ ఏడాది పెళ్ళి స్వర్ణోత్సవం జరుపుకున్న ఎలిజబెత్ రాణికి పంపారు. పనివారు ముందు, రాణి తరువాత. ఈ వరస నాకు నచ్చింది.

కూరమడుల నుంచి దిగువకు ఒక లోయ ఉంది. దాన్ని అడవి అని పిలుస్తారు. ఎత్తుమీది తోటకంటె అక్కడ కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. బురదలో కాలు పడకుండా చెక్కబల్లల బాట వేశారు. వెదురు, తాటిజాతి చెట్లు, మనిషి కంటె ఎత్తైన ఆస్ట్రేలియా ఫెర్న్‌లు, గొడుగు కంటె పెద్ద ఆకులుండే గన్నెరా మొక్కలు, ఒకదాని కింద ఒకటిగా నాలుగు కొలనులు ఉంటాయి. అరటిచెట్టు దగ్గర ఇంగ్లీషు పిల్లలు ఆగి నోరు తెరుచుకొని చూస్తారు. మన పిల్లలు ఆగరు.

పక్కన ఉన్న చెట్లనీడలో నేలమీద పడుకొని నిద్రపోతున్న ఒక పెద్ద స్త్రీరూపం ఉంది. దాన్ని మట్టిపిల్ల అంటారు. అక్కడివారైన అక్కాతమ్ముళ్ళు సూ హిల్, పీట్ హిల్ మట్టితో మలిచారు. జుట్టు స్థానంలో గడ్డి, మొక్కలు పెంచారు. నాచు ఒంటికి చీరలాగా పట్టింది. వానాకాలంలో పచ్చగా, ఎండలకు గోధుమరంగుగా ఆమె మారుతూ ఉంటుంది. తోటను బాగుచేసిన తరువాత కొత్తగా చేర్చినవాటిలో ఇది పిల్లలకు చాలా ఇష్టమైనది.

గోడమీద సంతకాలున్న గదిని 2013లో లండన్‌లోని యుద్ధ స్మారక మ్యూజియం సజీవ స్మారకంగా గుర్తించింది. గదిని మెరుగుపరచి రంగులు వేయలేదు. ఉన్నది ఉన్నట్టుగా ఉంచారు. ఆ పేర్లుగలవారు ఎవరెవరో, ఏ ఊరివారో, ఏ యుద్ధభూమిలో పోయారో ఊరి దస్తావేజులు, సైనిక దస్తావేజులు వెదికి చాలావరకు తెలుసుకున్నారు.

ఇప్పటికీ ఆ తోట ప్రభుత్వానిది కాదు. టికెట్టు డబ్బులతోనే నడుస్తుంది. మధ్యాహ్నం తిరిగి తిరిగి అలసినవారికి గేటు దగ్గర భోజనశాల ఉంది. అక్కడి సూపులో వేసిన కూరగాయల్లో కొన్ని ఆ ఉదయమే ఆ మడుల్లోంచి తవ్వి తెచ్చినవై ఉంటాయి.

అభ్యాసం

పదాలు – అర్థాలు: నైరుతి = దక్షిణ పడమరల నడిమి దిక్కు; నెపం = సాకు; హోదా = గౌరవస్థానం; లద్దె = గుర్రం, ఏనుగు మొదలైనవాటి పేడ; కందకం = పొడవుగా తవ్విన గుంట; కౌలు = పంటకో గడువుకో ఒప్పుకొని తీసుకొన్న భూమి హక్కు; దస్తావేజు = వ్రాతపూర్వకమైన ఆధారపత్రం.

I. ఈ ప్రశ్నలకు నాలుగైదు వాక్యాల్లో సమాధానాలు వ్రాయండి.
1. చలిదేశంలో అనాసను ఏ విధంగా పండించారు? అందులోని కష్టాలేమిటి?
2. సిక్కిం రోడోడెండ్రాన్లు ఇంగ్లండు తోటలకు ఎలా చేరాయి?
3. హెలిగన్ తోట పాడుపడడానికి యుద్ధం ఒక్కటే కారణమా? మీ అభిప్రాయం కారణాలతో వ్రాయండి.
4. "పనివారు ముందు, రాణి తరువాత. ఈ వరస నాకు నచ్చింది." రచయిత ఈ మాట ఎందుకన్నారు?

II. ఈ పదాలను విడదీసి సంధి పేరు వ్రాయండి: సహాయార్థం, వారసుడొకరు, ప్రజలదయింది.

III. విగ్రహవాక్యం, సమాసం పేరు వ్రాయండి: అక్కాతమ్ముళ్ళు, పెంటకుప్ప.

IV. మీ ఊరిలో తోటపనిగాని వ్యవసాయంగాని చేసే పెద్దవారిని ఒకరిని కలిసి, వారు వాడే పనిముట్ల పేర్లు, వారు చిన్నప్పుడు పండించి ఇప్పుడు కనబడని పంటరకాల పేర్లు అడిగి తెలుసుకోండి. వాటిని తెలుగులోను, మీ రాష్ట్రభాషలోను పక్కపక్కన వ్రాసి తరగతిలో చదవండి. ఎవరు చెప్పారో వారి పేరు కూడా కింద వ్రాయండి.